1897లో గ్రాండ్ ఫైనల్ ఆడకుండానే ఎసెండన్ ఛాంపియన్ ఎలా అయింది?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్తాను, చదివే మిగతావాళ్లకీ అర్థమవుతుంది. మెల్‌బోర్న్‌లో చదువుతున్న మీ అబ్బాయికి స్కూల్లో "విక్టోరియన్ ఫుట్‌బాల్ లీగ్ మొదటి సీజన్, 1897" అని ప్రాజెక్టు ఇచ్చారు. ఇది సాకర్ కాదు, అక్కడివాళ్లు "ఫుటీ" అని పిలిచే ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్. వెతికితే ఒకచోట ఎసెండన్ అనే క్లబ్ తన చివరి మ్యాచ్‌లో మెల్‌బోర్న్ జట్టును 14–8తో ఓడించి ఛాంపియన్ అయిందని ఉంది. ఇంకోచోట ఆ ఏడాది గ్రాండ్ ఫైనలే, అంటే ఛాంపియన్‌ను తేల్చే ఆఖరి మ్యాచే, జరగలేదని ఉంది. మూడోచోట రెండో స్థానం జీలాంగ్‌దని ఉంది. చివరి మ్యాచ్‌లో ఓడింది మెల్‌బోర్న్ అయితే రన్నరప్ జీలాంగ్ ఎలా అవుతుంది, వీటిలో ఏది నమ్మాలి అని అడిగారు.

మూడూ నిజమే. 1897లో గ్రాండ్ ఫైనల్ అనే మ్యాచ్ లేదు. లీగ్ దశ అయ్యాక పట్టికలో మొదటి నాలుగు జట్లు ఒకదానితో ఒకటి ఒక్కోసారి ఆడాయి. అంటే ఒక్కో జట్టుకు మూడేసి మ్యాచ్‌లు, మూడు వారాలు. ఎసెండన్ మూడూ గెలిచింది. జీలాంగ్ రెండు, కాలింగ్‌వుడ్ ఒకటి గెలిచాయి, మెల్‌బోర్న్ మూడూ ఓడింది. కాబట్టి ఎసెండన్ చివరి మ్యాచ్‌లో ఎదురుపడిన మెల్‌బోర్న్‌ది నాలుగో స్థానం. రెండో స్థానంలో ఉన్న జీలాంగ్ అదే వారం కాలింగ్‌వుడ్‌తో ఆడుకుంటోంది.

మీ అబ్బాయి ప్రాజెక్టుకు ఈ నాలుగు వాక్యాలు చాలు. కానీ ఆ సీజన్‌ను ఇంత తేల్చి చెప్పేసి వెళ్లిపోవాలని నాకు లేదు, కొంచెం ఓపిగ్గా చదవండి.

నేను మెల్‌బోర్న్ పడమటి శివార్లలో ఉంటాను. పదకొండేళ్లుగా శీతాకాలం వారాంతాల్లో లోకల్ ఫుటీ మ్యాచ్‌లకు గోల్ అంపైర్‌గా నిలబడుతున్నాను. మా అబ్బాయి అండర్-12 ఆడే రోజుల్లో తల్లిదండ్రుల్లో ఎవరో ఒకరు తెల్ల కోటు వేసుకుని గోల్ పోస్టుల మధ్య నిలబడాలి అంటే నేను ఒప్పుకున్నాను. వాడు ఆట మానేసి నాలుగేళ్లయింది, నేను మాత్రం కొనసాగుతున్నాను. రాత్రిళ్లు ఆస్ట్రేలియా నేషనల్ లైబ్రరీ వారి ట్రోవ్‌లో పాత పేపర్లు చదవడం నాకు అలవాటు. 1897 సీజన్ మీద ఆసక్తి కలగడానికి కారణం కూడా అంపైరింగే. గోల్ అంపైర్ ఊపే ఒంటి జెండాకు నిజంగా విలువ వచ్చింది ఆ సంవత్సరమే.

అదెలాగో చెప్తాను. ఫుటీ మైదానంలో ఒక్కో చివర నాలుగు పోస్టులుంటాయి. మధ్యలో పొడవైనవి రెండు, వాటికి అటూ ఇటూ పొట్టివి రెండు. మధ్య రెండింటి నడుమ నుంచి బంతిని తన్నితే గోల్, ఆరు పాయింట్లు. పొడవు పోస్టుకీ పొట్టి పోస్టుకీ మధ్య నుంచి పోతే బిహైండ్, ఒక్క పాయింట్. గోల్ అయితే అంపైర్ రెండు జెండాలు ఊపుతాడు, బిహైండ్ అయితే ఒక్కటే. మీరు టీవీలో చూస్తున్న ఈ లెక్క 1897లోనే అమల్లోకి వచ్చింది. అంతకుముందు గోల్స్ మాత్రమే లెక్క. బిహైండ్లను రాసుకునేవారు, పేపర్లో వేసేవారు, కానీ గెలుపోటముల్లో వాటికి చోటు లేదు. ఒక జట్టు 5 గోల్స్ 2 బిహైండ్లు, ఇంకో జట్టు 5 గోల్స్ 15 బిహైండ్లు కొడితే మ్యాచ్ డ్రా. రెండో జట్టు మధ్యాహ్నమంతా అవతలి గోల్ దగ్గరే ఆట నడిపించినా దానికి దక్కేది ఏమీ లేదు.

అందుకే ఫుటీ స్కోరును ఇప్పటికీ మూడు ముక్కలుగా రాస్తారు. 7.5 (47) అంటే 7 గోల్స్, 5 బిహైండ్లు, మొత్తం 47. ఇది దశాంశం కాదు. మా ఇంటికి వచ్చిన చుట్టాలు స్కోర్‌బోర్డు చూసి "ఏడున్నర ఏంటి?" అని అడిగేవారు. ప్రాజెక్టులో మీ అబ్బాయి స్కోర్లు ఇలాగే రాస్తే టీచర్ తప్పకుండా గమనిస్తారు.

ఇప్పుడు ఆ చివరి మ్యాచ్ చూడండి. తేదీ 1897 సెప్టెంబర్ 4, చోటు సౌత్ మెల్‌బోర్న్ వాళ్ల లేక్ ఓవల్. స్కోరు:

ఎసెండన్ 1.8 (14)
మెల్‌బోర్న్ 0.8 (8)

ఈ రెండు వరుసలను నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. రెండు జట్లూ ఎనిమిదేసి బిహైండ్లు కొట్టాయి. మొత్తం మ్యాచ్‌లో ఒకే ఒక్క గోల్. రెండు చివర్లా నిలబడ్డ గోల్ అంపైర్లు కలిసి పదిహేడుసార్లు జెండాలు ఊపితే అందులో పదహారుసార్లు ఒక్క జెండానే. నా లోకల్ మ్యాచ్‌లలో బురదగా ఉండే జులై శనివారాల్లో కూడా ఇంత తక్కువ స్కోరు కార్డు మీద రాసిన గుర్తు లేదు. కొత్త రూల్ ప్రకారం ఎసెండన్ ఆరు పాయింట్లతో గెలిచింది. పాత రూల్ ప్రకారం లెక్కించినా ఒక గోల్‌తో గెలిచేదే. ఆ ఒక్క గోల్ పడకపోయి ఉంటే రెండు లెక్కల్లోనూ డ్రా.

ఎసెండన్ అప్పటికే రెండు ఫైనల్స్ మ్యాచ్‌లు గెలిచి ఉంది, మెల్‌బోర్న్ రెండూ ఓడి ఉంది, కాబట్టి చివరిది నామమాత్రపు మ్యాచ్ అనిపించవచ్చు. కానీ జీలాంగ్, కాలింగ్‌వుడ్ చెరొకటి గెలిచి అదే వారం తలపడుతున్నాయి. వాటిలో గెలిచిన జట్టుకు రెండు గెలుపులు వస్తాయి. ఎసెండన్ గనక మెల్‌బోర్న్ చేతిలో ఓడి ఉంటే పైన రెండు జట్లు సమానంగా నిలబడేవి, ప్రీమియర్ (అక్కడ ఛాంపియన్‌ను అలా అంటారు) ఎవరన్నది ఆ సాయంత్రం తేలేది కాదు. మూడూ ఓడి అడుగున నిలిచిన మెల్‌బోర్న్ ఆ రోజు జీలాంగ్ భవిష్యత్తును కూడా చేతిలో పెట్టుకుని ఆడింది. గ్రాండ్ ఫైనల్ లేని పద్ధతిలో నాకు నచ్చే విషయం ఇదే.

మన వాళ్లకు ఇది కొత్త పద్ధతేమీ కాదు. ఊళ్లో సంక్రాంతికి జరిగే కబడ్డీ పోటీల్లో నాలుగు జట్లే మిగిలితే "అందరూ అందరితో ఆడండి, ఎక్కువ గెలిచినవాళ్లకి కప్పు" అంటారు కదా, అదే ఇది. పెద్ద స్థాయిలో చెప్పాలంటే 1950 ఫుట్‌బాల్ ప్రపంచ కప్ కూడా ఇలాగే జరిగింది. చివరి నాలుగు జట్లు ఒకదానితో ఒకటి ఆడాయి, ఫైనల్ అని పేరు పెట్టిన మ్యాచ్ లేదు. ఉరుగ్వే బ్రెజిల్‌ను 2–1తో ఓడించిన ఆట చివరి రోజున పడటంతో, విజేత అందులోనే తేలడంతో జనం దాన్నే ఫైనల్ అనుకుంటారు. 1897లో అలా కూడా కుదరలేదు. ఆఖరి రోజు పైన ఉన్న జట్టు అడుగున ఉన్న జట్టుతో ఆడింది. మీకు దొరికిన మూడు సమాచారాలు పొంతన లేనట్టు కనిపించడానికి కారణం అదే.

అసలు ఈ లీగ్ ఎందుకు పుట్టింది? దీన్ని ప్రాజెక్టులో తప్పకుండా పెట్టించండి. "మొదటి సీజన్" అనగానే ఆట అప్పుడే మొదలైందని పిల్లలు అనుకుంటారు. అది పొరపాటు. 1877 నుంచే విక్టోరియన్ ఫుట్‌బాల్ అసోసియేషన్ అనే సంస్థ ఉంది. 1896 నాటికి అందులో 13 క్లబ్బులు. ఎసెండన్ 1891 నుంచి 1894 దాకా వరసగా నాలుగుసార్లు అక్కడ ఛాంపియన్. అంటే 1897లో గెలిచింది కొత్త జట్టు కాదు, బాగా పండిన జట్టు.

గొడవ డబ్బు దగ్గర వచ్చింది. జనాన్ని రప్పించే పెద్ద క్లబ్బులు కొన్ని, జనం రాని చిన్న క్లబ్బులు కొన్ని. 1890ల్లో విక్టోరియాలో బ్యాంకులు కూలిపోయి జనం దగ్గర డబ్బు ఆడని కాలం అది. గేటు దగ్గర వసూలైన డబ్బు ఎవరికి ఎంత, బలహీన జట్లతో ఆడే మ్యాచ్‌ల వల్ల ఎవరికి నష్టం అన్న వాదన ముదిరింది. 1896 అక్టోబర్ 2న ఆరు క్లబ్బుల వాళ్లు మెల్‌బోర్న్‌లోని బక్స్‌టన్ ఆర్ట్ గ్యాలరీలో సమావేశమై విడిపోవాలని నిర్ణయించారు. కాలింగ్‌వుడ్, ఎసెండన్, ఫిట్జ్‌రాయ్, జీలాంగ్, మెల్‌బోర్న్, సౌత్ మెల్‌బోర్న్ ఆ ఆరూ. తర్వాత కార్ల్‌టన్‌నూ సెయింట్ కిల్డానూ పిలిచారు, మొత్తం ఎనిమిదయ్యాయి. ఫుట్‌స్క్రే, నార్త్ మెల్‌బోర్న్, పోర్ట్ మెల్‌బోర్న్, రిచ్‌మండ్, విలియమ్స్‌టౌన్ పాత సంస్థలోనే మిగిలిపోయాయి.

ఆ సమావేశం మర్నాడు, అక్టోబర్ 3న, పాత సంస్థ ప్రీమియర్‌షిప్ కోసం కాలింగ్‌వుడ్, సౌత్ మెల్‌బోర్న్ ఆడాయి. పట్టికలో రెండూ సమానంగా నిలవడంతో తేల్చుకోవడానికి పెట్టిన అదనపు మ్యాచ్ అది. కాలింగ్‌వుడ్ 6 గోల్స్ 9 బిహైండ్లు, సౌత్ మెల్‌బోర్న్ 5 గోల్స్ 10 బిహైండ్లు. ఒక గోల్‌తో కాలింగ్‌వుడ్ గెలిచింది. ఆ రెండు జట్లూ ముందురోజే విడిపోవడానికి సంతకం పెట్టినంత పని చేసి, మర్నాడు అదే సంస్థ కప్పు కోసం ప్రాణం పెట్టి ఆడాయి. చరిత్ర చదివేటప్పుడు ఇలాంటి చోట నేను కాసేపు ఆగిపోతాను.

కొత్త లీగ్ పెట్టినవాళ్ల బుర్రలో ఉన్న ప్రశ్న ఒకటే: సీజన్ చివరిదాకా జనం గ్రౌండుకు రావాలంటే ఏం చేయాలి? పాత పద్ధతిలో పట్టికలో పైన ఉన్న జట్టే ప్రీమియర్. ఒక జట్టు బాగా ముందుకు పోతే సీజన్ ముగియకముందే ఫలితం తెలిసిపోతుంది, ఇక ఎవరొస్తారు? అందుకే నాలుగు జట్లను చివరి వరకూ పోటీలో ఉంచే ఫైనల్స్ పెట్టారు. బిహైండ్‌కు పాయింట్ ఇచ్చి స్కోరు కదిలేలా చేశారు. కొద్ది అడుగుల దూరం నుంచి తన్నిన బంతిని పట్టుకుని ఆట ఆపేసే "లిటిల్ మార్క్"ను తీసేశారు. ఇవన్నీ ఆట చూడ్డానికి వచ్చేవాళ్ల కోసం చేసిన మార్పులే. ఇప్పటి టీవీ హక్కుల కాలంలో లీగులు చేస్తున్న ఆలోచన 1897లోనే ఉంది. అప్పటికి ఆస్ట్రేలియా అనే దేశం కూడా ఏర్పడలేదు, విక్టోరియా బ్రిటిష్ వారి కాలనీ. 1901లో దేశం ఏర్పడేనాటికి ఈ లీగ్ నాలుగు సీజన్లు ఆడేసింది.

మొదటి రోజు: 1897 మే 8, శనివారం. నాలుగు మ్యాచ్‌లు. బ్రన్స్‌విక్ స్ట్రీట్ ఓవల్‌లో ఫిట్జ్‌రాయ్ 6.13 (49), కార్ల్‌టన్ 2.4 (16). విక్టోరియా పార్క్‌లో కాలింగ్‌వుడ్ 5.11 (41), సెయింట్ కిల్డా 2.4 (16). జీలాంగ్‌లోని కొరియో ఓవల్‌లో ఎసెండన్ 7.5 (47), జీలాంగ్ 3.6 (24). లేక్ ఓవల్‌లో సౌత్ మెల్‌బోర్న్ మీద మెల్‌బోర్న్ గెలిచింది. ఫిట్జ్‌రాయ్ కొట్టిన 13 బిహైండ్లు చూడండి. సరిగ్గా ఏడాది కిందట ఆ పదమూడూ వృథా. ఇప్పుడు వాటికి పదమూడు పాయింట్లు. గెలిచిన నాలుగు జట్లలో మూడు సొంతూరి గ్రౌండ్ మీద ఆడినవే అనుకునేరు, కాదు: రెండు జట్లు ఇంట్లో గెలిస్తే రెండు బయటికెళ్లి గెలిచాయి.

ఎసెండన్‌కు మొదటి రోజే ఎదురైన జట్టు జీలాంగ్. సీజన్ ముగిసేసరికి చివరిదాకా వెంటాడిందీ జీలాంగే. ప్రతి జట్టూ మిగతా ఏడింటితో రెండేసిసార్లు ఆడింది, మొత్తం 14 మ్యాచ్‌లు. ఎసెండన్, జీలాంగ్ రెండూ 11 గెలిచి 3 ఓడాయి. పర్సంటేజ్‌లో, అంటే కొట్టిన పాయింట్లకూ ఇచ్చిన పాయింట్లకూ ఉన్న నిష్పత్తిలో, జీలాంగ్ ముందుంది కాబట్టి పట్టికలో మొదటి స్థానం దానిది. మెల్‌బోర్న్ 10, కాలింగ్‌వుడ్ 9 గెలిచాయి. సౌత్ మెల్‌బోర్న్ కాస్తలో నాలుగో స్థానం పోగొట్టుకుంది, 8 గెలుపులు, ఒక డ్రా. ఫిట్జ్‌రాయ్ 4 గెలిచి ఒకటి డ్రా చేసుకుంది, కార్ల్‌టన్ రెండే గెలిచింది.

ఇక్కడ జీలాంగ్ వైపు నుంచి ఆలోచించండి. 14 మ్యాచ్‌లయ్యాక పట్టికలో మొదటి స్థానం. దానికి వాళ్లకు దక్కిన లాభం సున్నా. ఫైనల్స్‌లో నాలుగో స్థానం జట్టుకూ వాళ్లకూ ఒకే లెక్క, అందరూ మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. నాకైతే అది అన్యాయమే అనిపిస్తుంది, లీగ్ కూడా ఏడాదిలోనే దాన్ని మార్చింది. 1898లో పట్టికలో పైన నిలిచిన జట్టుకు, ఫైనల్స్ గెలిచిన జట్టును సవాలు చేసే హక్కు ఇచ్చారు. ఆ హక్కును వాడుకున్నది ఎసెండన్. ఫిట్జ్‌రాయ్‌తో ఆడి 5.8 (38)కి 3.5 (23) తేడాతో ఓడింది. లీగ్ చరిత్రలో మొదటి గ్రాండ్ ఫైనల్ అది, 1898 సెప్టెంబర్ 24. మీ అబ్బాయి టీచర్ "మొదటి గ్రాండ్ ఫైనల్ ఎవరు గెలిచారు?" అని అడిగితే జవాబు ఫిట్జ్‌రాయ్. "మొదటి ప్రీమియర్‌షిప్ ఎవరిది?" అంటే ఎసెండన్. ఈ రెండు ప్రశ్నలూ ఒకటే అనుకోవడం వల్లే చాలామంది తప్పు రాస్తారు.

గ్రాండ్ ఫైనల్ లేని సంవత్సరం ఇంకొకటుంది, 1924. ఆ ఏడాది లీగ్ మళ్లీ పాత పద్ధతికి వెళ్లి నాలుగు జట్లను ఒకదానితో ఒకటి ఆడించింది. ఎసెండన్ చివరి మ్యాచ్‌లో రిచ్‌మండ్ చేతిలో ఓడింది, అయినా మొత్తం లెక్కలో ముందున్నందుకు ప్రీమియర్ అయింది. ఓడిన రోజునే కప్పు అందుకోవడం చూసేవాళ్లకు ఎలా ఉంటుందో ఊహించండి. లీగ్ ఆ పద్ధతిని మళ్లీ వాడలేదు. గ్రాండ్ ఫైనల్ లేని రెండు సంవత్సరాలూ గెలిచింది ఎసెండనే.

ఇక మన వాళ్లకు నేరుగా తగిలే సంగతి. 1931లో ఇదే లీగ్ పేజ్ సిస్టమ్ అనే కొత్త పద్ధతి తెచ్చింది. రిచ్‌మండ్ క్లబ్ సెక్రటరీ పెర్సీ పేజ్ పేరు మీద ఉన్నది అది. మొదటి రెండు జట్లు ఒకదానితో ఒకటి ఆడతాయి, గెలిచింది నేరుగా ఫైనల్‌కు, ఓడిన జట్టుకు ఇంకో అవకాశం. మూడు, నాలుగు స్థానాల జట్లలో ఓడింది ఇంటికి. ఇది మీకు తెలిసిన పద్ధతే. 2011 నుంచి ఐపీఎల్‌లో క్వాలిఫయర్, ఎలిమినేటర్ అని మనం చూస్తున్నది అచ్చం ఇదే. 2009లో డెక్కన్ ఛార్జర్స్ పట్టికలో నాలుగో స్థానం నుంచి వచ్చి కప్పు కొట్టినప్పుడు ఐపీఎల్‌లో మామూలు సెమీఫైనల్స్ ఉండేవి. 2016లో సన్‌రైజర్స్ హైదరాబాద్ మూడో స్థానంలో ఉండి ఎలిమినేటర్, రెండో క్వాలిఫయర్, ఫైనల్ మూడూ గెలవాల్సి వచ్చింది. పైన నిలిచిన జట్టుకు ఏదో ఒక లాభం ఉండాలి అన్న ఆలోచన 1897లో జీలాంగ్‌కు దక్కనిదే. ఉప్పల్ స్టేడియంలో కూర్చుని ప్లేఆఫ్ లెక్కలు వేసుకునే మన కుర్రాళ్ల చేతిలో ఉన్నది మెల్‌బోర్న్ ఫుటీ వాళ్ల లెక్క.

సెయింట్ కిల్డా గురించి ఒక్క పేరా అయినా రాయించండి. మొదటి సీజన్‌లో 14 మ్యాచ్‌లూ ఓడింది. 1898లోనూ ఒక్కటీ గెలవలేదు, 1899లోనూ అంతే. 1899లో జీలాంగ్ మీద ఆడిన ఒక మ్యాచ్‌లో వాళ్ల మొత్తం స్కోరు 0.1 (1), జీలాంగ్‌ది 23.24 (162). వరసగా 48 ఓటములు. 1900లో మొదటి రౌండ్‌లో మెల్‌బోర్న్‌తో మ్యాచ్ డ్రాగా ముగిసింది. మెల్‌బోర్న్‌కు ఇచ్చిన ఒక బిహైండ్ చెల్లదని సెయింట్ కిల్డా ఫిర్యాదు చేస్తే లీగ్ ఒప్పుకుని ఆ పాయింట్ తీసేసింది. ఒక్క పాయింట్ తేడాతో వాళ్లకు మొదటి గెలుపు దక్కింది. నాలుగేళ్ల కిందటి రూల్ ప్రకారమైతే అసలు బిహైండ్ అనేది లెక్కలోకే రాదు!

ఆ ఒక్క పాయింట్ ఎంత బరువో నాకు మైదానంలో తెలిసింది. రెండేళ్ల కిందట ఒక అండర్-14 మ్యాచ్, చివరి క్వార్టర్. ఒక పిల్లవాడు నలభై మీటర్ల నుంచి తన్నాడు. బంతి గాల్లో వంపు తిరిగి నా కుడివైపు పోస్టును రాసుకుంటూ లోపలికి పడింది. చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది, ప్లాస్టిక్ బిందె మీద వేలితో కొట్టినట్టు చిన్నగా. పోస్టుకు తగిలితే గోల్ కాదు, బిహైండే. ఫీల్డ్ అంపైర్ ఆల్ క్లియర్ (స్కోరు ఇవ్వొచ్చన్న సైగ) ఇచ్చాడు, నేను ఒక వేలు చూపించి ఒక జెండా ఊపాను. కంచె దగ్గరున్న వాళ్లకు బంతి లోపలికి వెళ్లడమే కనిపించింది, పెద్దగా అరిచారు. ఆ జట్టు నాలుగు పాయింట్లతో ఓడిపోయింది. మ్యాచ్ అయ్యాక అవతలి చివర అంపైర్ కార్డూ నా కార్డూ పక్కపక్కన పెట్టి సరిచూసుకున్నాం, ఒక్క గీత తేడా లేదు. ఆ పిల్లవాడు మాత్రం వచ్చి "తగిలింది అంకుల్, నాకు తెలుసు" అని చెప్పి వెళ్లాడు. వాడు మన తెలుగు పిల్లవాడే. ఇంటికెళ్లే దారంతా టెన్షన్ పోయి మనసు తేలికపడింది.

మీ అబ్బాయి రాసేటప్పుడు జాగ్రత్తపడాల్సినవి రెండు మూడు ఉన్నాయి.

ఆనాటి అంకెలను ఇప్పటి కళ్లతో చూడకూడదు. ఆ సీజన్‌లో ఎక్కువ గోల్స్ కొట్టిన జీలాంగ్ ఆటగాడు ఎడ్డీ జేమ్స్ లీగ్ దశలో కొట్టింది 22 గోల్స్. 1934లో బాబ్ ప్రాట్ ఒక సీజన్‌లో 150 కొట్టాడు. అంతమాత్రాన జేమ్స్ చిన్న ఆటగాడు కాదు. అప్పుడు ఒక్కో జట్టులో మైదానం మీద 20 మంది ఉండేవారు, 1899లో అది 18 అయింది. మనుషులెక్కువ, ఖాళీ తక్కువ, పైగా శీతాకాలం బురద. బంతిని అంత దూరం తీసుకెళ్లడమే పెద్ద పని.

ఎసెండన్ అనగానే ఎసెండన్ పేటలో ఆడేదని రాయకండి. అప్పట్లో వాళ్ల గ్రౌండ్ ఈస్ట్ మెల్‌బోర్న్‌లో ఉండేది. 1921 తర్వాత రైల్వే వాళ్లకు ఆ స్థలం పోయింది, 1922 నుంచి ఎసెండన్‌లోని విండీ హిల్‌కు వచ్చారు. 1897 కెప్టెన్ జార్జ్ స్టకీ. అదే ఏడాది ఆయన స్టావెల్ గిఫ్ట్ పరుగు పందెం కూడా గెలిచాడు. ఈస్టర్‌కు జరిగే ఆ పందెం విక్టోరియాలో ఇప్పటికీ పెద్ద పండగ.

కార్ల్‌టన్‌కు సీజన్ మొదలయ్యేనాటికి తమదంటూ సిద్ధంగా ఉన్న గ్రౌండే లేదు. ప్రిన్సెస్ పార్క్‌లో వాళ్ల మొదటి లీగ్ మ్యాచ్ 1897 జూన్ 22న, కాలింగ్‌వుడ్‌తో. విక్టోరియా రాణి అరవై ఏళ్ల పాలన వేడుక జరిగిన రోజు అది. రెండే గెలుపులతో ముగిసిన సీజన్ వెనుక ఇల్లు లేని జట్టు కష్టం కూడా ఉందని నా అభిప్రాయం.

చివరగా, వీలైతే అబ్బాయిని తీసుకుని ఒక శనివారం ఆ చోట్లు చూసి రండి, ఫోటోలు తీసి ప్రాజెక్టులో అతికించవచ్చు. లేక్ ఓవల్ ఉన్న చోట ఇప్పుడు ఆల్బర్ట్ పార్క్ లేక్‌సైడ్ స్టేడియం ఉంది, అథ్లెటిక్స్ ట్రాక్ వేశారు, సాకర్ ఆడతారు. ఎసెండన్ కొట్టిన ఆ ఒక్క గోల్ ఆ నేల మీదే. ఈస్ట్ మెల్‌బోర్న్ గ్రౌండ్ ఆనవాలు లేదు. విక్టోరియా పార్క్ ఉంది, జనం కుక్కల్ని తిప్పుకుంటూ కనిపిస్తారు. నన్ను అడిగితే ముందు ఫిట్జ్‌రాయ్ వెళ్లమంటాను. ఎడిన్‌బరో గార్డెన్స్ పక్కన బ్రన్స్‌విక్ స్ట్రీట్ ఓవల్‌లో 1888లో కట్టిన చెక్క గ్రాండ్‌స్టాండ్ ఇంకా నిలబడి ఉంది. మే 8న మొదటి మ్యాచ్ చూసినవాళ్లు కూర్చున్న స్టాండ్ అది. మేం వెళ్లినరోజు కింద అమెచ్యూర్ జట్ల ఆట నడుస్తోంది, గోల్ అంపైర్ ఒక జెండా ఊపగానే మా వాడు "పదమూడు నాన్నా, ఫిట్జ్‌రాయ్‌కి ఇక్కడ పదమూడు వచ్చాయన్నావు కదా" అన్నాడు.

ప్రాజెక్టులో ఫైనల్స్ పట్టిక వేయడానికి సాయం కావాలంటే కింద రాయండి. ఎవరు ఎవరితో ఏ వారం ఆడారో గీసి చూపిస్తాను: మొదటి వారం జీలాంగ్–ఎసెండన్, కాలింగ్‌వుడ్–మెల్‌బోర్న్, రెండో వారం ఎసెండన్–కాలింగ్‌వుడ్, జీలాంగ్–మెల్‌బోర్న్, మూడో వారం ఎసెండన్–మెల్‌బోర్న్, జీలాంగ్–కాలింగ్‌వుడ్. దీన్ని చార్టు మీద నాలుగు రంగుల్లో వేయించండి.